ఆలోచనను బొమ్మల కథగా చెప్పుట

ఏదైన ఒక వస్తువును గాని కట్టడమును గాని నిర్మింపదలచినవాడు ముందుగా దానిని తన మనస్సులో కట్టుకొనును. ఆ రూపము ఇతరులకు తెలియుట ఎట్లు? సాధారణముగా ప్లాను గీచి చూపుదురు. ప్లాను మేస్త్రీకి చాలును. గోడ పొడవెంత, ద్వారము ఏ దిక్కున, కప్పు ఎన్ని అడుగుల ఎత్తున అనునవి అందులో తెలియును. కాని ఆ కట్టడమును వాడుకొనబోవు మనుష్యుడు అందులో ఎచ్చటను కానరాడు. కాలము గడచుటయు కానరాదు. ఈ రెంటిని చూపుటకు కథ కావలెను. మన విద్యార్థులు ప్రదర్శనములకు నమూనాలు చేసి తెచ్చుచున్నారు. దీపములు చక్కగా వెలుగును, చక్రములు తిరుగును. ఇది ఎవరికొరకని అడిగినచో "ప్రజల కొరకు" అందురు. అందుచేత ఈ సంగతిని కొంత వివరముగా వ్రాయుచున్నాము.

కథను బొమ్మల వరుసలో చూపుట మనకు క్రొత్త గాదు. తెలంగాణములోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలియు సుద్దయు పూసి, దానిపై పురాణ కథలను అడ్డవరుసలుగా చిత్రింతురు. కూనపులివారు అట్టి పటమును విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుచు, పద్మశాలీలకు మార్కండేయ పురాణమును చెప్పెడివారు. అందు బొమ్మయొక్కటియే చాలదు, మాటయొక్కటియే చాలదు. ఒకదాని కొరతను ఒకటి తీర్చును.

ఈ పద్ధతియే సినిమా పరిశ్రమలో స్టోరీబోర్డు అను పేర వాడుకకు వచ్చినది. అమెరికాలో వాల్ట్ డిస్నీ చిత్రశాలయందు 1930 తరువాతి సంవత్సరములలో కథలోని ఘట్టములను వేరువేరు కాగితములపై గీచి, బల్లకు వరుసగా గుచ్చెడివారు. 1933లో వెలువడిన మూడు పందిపిల్లల చిత్రము ఈ విధముగా తయారైనదే. కాగితములను అంటింపక గుచ్చుటలోనే ఉన్నది కిటుకంతయు. నచ్చని దానిని పీకివేయవచ్చును, వెనుకదానిని ముందునకు తేవచ్చును. మన తెలుగువారిలో చిత్రకారుడును దర్శకుడును అయిన బాపుగారు తీయబోవు దృశ్యములను ముందే బొమ్మలుగా గీచుకొనుటకు ప్రసిద్ధులు. 1971 నాటి సంపూర్ణ రామాయణము చూచినవారికి ఆ చిత్రకారుని చేయి తెలియకపోదు. (వారు జన్మించినదియు 1933లోనే, మన విశాఖపట్నపు రేవు ప్రారంభమైనదియు ఆ యేటనే.) కాగితముపై జరిగిన పొరపాటునకు ఒక కాగితము వ్యర్థమగును. సెట్టు వేసిన పిమ్మట కనుగొన్న పొరపాటునకు ఎంత వ్యర్థమగునో చెప్పనక్కరలేదు.

ఇక మన వన్ టౌనునుండియే ఒక ఉదాహరణము తీసికొందము. చేపల రేవునుండి గంప నెత్తిన పెట్టుకొని వీధులవెంట తిరిగి అమ్ముకొను స్త్రీ సేదదీరుటకు ఒక చావడి కట్టవలెనని ఒక విద్యార్థి తలచెననుకొనుడు. ప్లాను సిద్ధమైనది: నాలుగు స్తంభములు, చూరు ఆరున్నర అడుగుల ఎత్తు, లోపల అరుగు. చూచుటకు లోపమేమియు లేదు. దీనినే గడులలో గీచి చూతము. మొదటి గడిలో తెల్లవారుజామున ఆమె తలపై చుట్టకుదురు పెట్టుకొనగా మరియొకామె చేయివేసి గంపను ఎత్తుచున్నది. రెండవదానిలో ఎండ ఎక్కినది, ఆమె నడచుచున్నది. మూడవదానిలో చావడికి చేరినది. నాలుగవదానిలో అరుగుపై కూర్చున్నది.

మూడవ గడికిని నాలుగవ గడికిని నడుమ గంపను దింపినదెవరు? రేవులో ఎత్తుటకు తోడున్నది. ఇచ్చట ఎవరును లేరు. మరల ఎత్తుకొనుట ఇంకను కష్టము. అంతేకాదు, ఆరున్నర అడుగుల చూరు ఖాళీ తలకు చాలును గాని గంపనెత్తిన తలకు తగులును. గంపనుండి కారు నీరు పోవు దారి కూడ లేదు. ఈ మూడు లోపములలో ఒక్కటియు ప్లానులో కనబడలేదు. ఇప్పుడు చూరు లేవవలెను, నేల వాలుగా ఉండవలెను, చావడి ముందు తల ఎత్తున ఒక రాతిపలక నిలువవలెను. అప్పుడామె గంపను వంగకుండ దానిపైకి జరిపి, తిరిగి తలపైకి జరుపుకొనగలదు. దక్షిణదేశపు పాత బాటల ప్రక్కన రెండు నిలువురాళ్లపై అడ్డరాయి నిలిపిన కట్టడములు అచ్చటచ్చట నేటికిని ఉన్నవి. వానిని నిలిపినవారికి మోయువారి కథ తెలియును.

గీయుటకు చిత్రలేఖనములో ప్రవీణత అవసరము లేదు. గీతల మనుష్యులు చాలును. నిజమునకు, మిక్కిలి అందముగా గీచిన బొమ్మను చూచినవారు మెచ్చుకొందురే గాని తప్పు చెప్పరు. కావున ముందుగా పెన్సిలుతోనే గీయుడు. (రంగులపెట్టె కొనిపెట్టుటకు తొందరపడు తల్లిదండ్రులును దీనిని గమనింతురు గాక.) ఆరు గడులు మొదలు ఎనిమిది గడుల వరకు చాలును. ఒక్కొక్క గడిలో ఒక్క సంగతియే ఉండవలెను, క్రింద ఒక్క వాక్యమే వ్రాయవలెను. కథలో నడచువారు ఎవరో ఒకరై ఉండవలెను. వయస్సు, పని, చేతిలోని బరువు తెలియవలెను. పిమ్మట ఆ బొమ్మలను ఆ పని చేయువారికే చూపి, కథను వారినే చెప్పుమనుడు. మీరు మాటలాడకుడు. వారు తడబడిన చోటును, నవ్విన చోటును గుర్తు పెట్టుకొనుడు. మార్పు అచ్చటనే కావలెను.

సెలవులలో చేయుటకు ఒక అభ్యాసము. మన తీరమున అలలు ఏడాది మొత్తముమీద ఇసుకను ఎక్కువగా దక్షిణమునుండి ఉత్తరమునకు నడుపును. రేవు ముఖమున ఆ ఇసుక పడినచో ఓడలదారి పూడిపోవును. అందువలన రేవు కట్టిన దినములలో డాల్ఫిన్స్ నోస్ కొండ చెంత రెండు పాత ఓడలను ముంచి అడ్డకట్ట చేసిరి. దాని చాటున చేరిన ఇసుకను తోడి ఉత్తరపు తీరమునకు చేర్చు ఏర్పాటు జరిగినది. ఈ కథలో ముఖ్యపాత్ర ఒక ఇసుకరేణువు. దాని ప్రయాణమును ఏడు గడులలో గీయుడు. ఎనిమిదవ గడిలో, ఇసుక తోడు ఓడ రాని సంవత్సరమును గీయుడు.