రోటరీ ఇంజన్‌లో నిప్పురవ్వ లెక్క

మాజ్దా ఆర్‌ఎక్స్-7 కారు ఇంజన్‌లో రోటర్లు రెండే, స్పార్క్ ప్లగ్గులు మాత్రం నాలుగు. వాటికి వెళ్లే వైర్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. అయినా ఒకదాని చోట మరొకటి తగిలిస్తే ఇంజనే దెబ్బతినవచ్చు. ఎందుకో తెలియాలంటే ఆ ఇంజన్ లోపల మంట ఎలా పాకుతుందో చూడాలి.

రెండేసి ప్లగ్గులు ఎందుకు?

ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన ఈ ఇంజన్ 1957లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ సంస్థలో తొలిసారి నడిచింది. ఇందులో పిస్టన్ ఉండదు. మూడు మూలల రోటర్ ఒకటి, నడుము నొక్కినట్టుండే గూడులో తిరుగుతుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది.

పిస్టన్ ఇంజన్‌లో మంట పుట్టే చోటు గుండ్రంగా, పొందికగా ఉంటుంది. ఇక్కడ అది పొడవుగా, పలచగా ఉండటమే కాక రోటర్‌తో పాటు కదిలిపోతుంది. మంట ముందుకు సులువుగా పాకుతుంది, వెనక్కి పాకలేదు. అందుకే కింద లీడింగ్ ప్లగ్, పైన ట్రెయిలింగ్ ప్లగ్ ఉంటాయి. ముందు లీడింగ్ వెలిగిస్తుంది, కాస్త ఆగి ట్రెయిలింగ్ మిగిలిన ఇంధనాన్ని అంటిస్తుంది. రెండో తరం ఆర్‌ఎక్స్-7లో ఐడిల్ మీద లీడింగ్ రవ్వ టాప్ డెడ్ సెంటర్ దాటిన 5 డిగ్రీలకు, ట్రెయిలింగ్ రవ్వ 20 డిగ్రీలకు పడుతుంది. ఈ 15 డిగ్రీల తేడాను టైమింగ్ లైట్‌తో, పుల్లీ మీది రెండు గీతల సాయంతో సరిచూడవచ్చు.

ఏ వైరు ఎటు?

ఆ మోడల్‌లో రెండు లీడింగ్ ప్లగ్గులకూ కలిపి ఒకే కాయిల్ ఉంటుంది. ఒకేసారి రెండింటిలోనూ రవ్వ పుడుతుంది. ఒక రోటర్‌లో అది పనికొస్తుంది, రెండోదాంట్లో వృథా పోతుంది, హాని ఉండదు. కాబట్టి ఈ రెండు వైర్లు తారుమారైనా ఇంజన్ నడుస్తుంది. ట్రెయిలింగ్ ప్లగ్గుల సంగతి వేరు. వాటికి విడివిడి కాయిళ్లు ఉంటాయి. ఆ వైర్లు మారితే రవ్వ షాఫ్టు సగం చుట్టు తేడాతో, తప్పుడు సమయంలో పడుతుంది. లీడింగ్, ట్రెయిలింగ్ వైర్లు ఒకదానితో ఒకటి మారితే మంటల వరుసే తిరగబడుతుంది. నాక్ పుడితే రోటర్ మూలల్లోని అపెక్స్ సీళ్లు విరగవచ్చు. కనుక వైర్లు ఊడదీసే ముందే ఒక్కోదానికి ఎల్1, ఎల్2, టీ1, టీ2 అని టేపు అంటించడం మేలు.

ప్లగ్గులు కూడా మార్చుకునేవి కావు. ట్రెయిలింగ్ ప్లగ్ ముందున్న రంధ్రం చాలా చిన్నది. సీలు దాని మీదుగా జారేటప్పుడు ఒక గదిలోని పీడనం పక్క గదిలోకి కారకుండా అలా చేశారు.

విశ్రాంతి లేని కాయిల్

నిమిషానికి 6000 చుట్ల వేగంలో మామూలు ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ ప్లగ్ సెకనుకు 50 సార్లు వెలుగుతుంది. రోటరీలో ట్రెయిలింగ్ ప్లగ్ 100 సార్లు, ఉమ్మడి కాయిల్ ఉన్న లీడింగ్ ప్లగ్ 200 సార్లు వెలుగుతాయి. అంటే ఆ కాయిల్‌కు ఒక్కో రవ్వకు దొరికే సమయం 5 మిల్లీసెకన్లే. ఆ కాస్త వ్యవధిలోనే దానిలో కరెంటు పెరగాలి.

కాయిల్‌లో నిలవ ఉండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. తుప్పు పట్టిన కనెక్టర్ వల్లో, వదులైన ఎర్త్ వల్లో కరెంటు 20 శాతం తగ్గితే శక్తి 36 శాతం పడిపోతుంది. ఐడిల్‌లో బాగానే నడిచిన బండి వేగం పెంచగానే తడబడటానికి ఇదొక కారణం.

ఆ తడబాటును ఉపేక్షిస్తే ఖర్చు పెరుగుతుంది. మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని మితిమీరి వేడెక్కిస్తుంది. కాబట్టి చవకైన పనులు ముందు చేయాలి. ఇంజన్ ఆపి, చల్లారాక ఎర్త్ బిగింపు, కనెక్టర్లు, వైర్ల రబ్బరు పగుళ్లు చూడాలి. వైర్ల నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలిచి, పొడవును బట్టి ఒకదానితో ఒకటి పోల్చాలి. ఆ తర్వాతే కాయిల్‌ను అనుమానించాలి. ప్లగ్గు కూర్చునే గూడు అల్యూమినియంది, కనుక మర చేత్తో తిరిగినంత వరకు తిప్పి, చివర్లోనే పానా వాడాలి. ఇంజన్ నడుస్తుండగా వైర్లు పట్టుకోకూడదు, అక్కడ వేల వోల్టులుంటాయి.