ఆ పదేళ్లూ దాచకు

బుజ్జమ్మా,

రెజ్యూమెలో పదేళ్ల ఖాళీ కనబడకుండా ఎలా రాయాలని అడిగావు. ఎందుకు కనబడకూడదే? ‘2014 నుంచి పిల్లవాడి పెంపకం, అత్తగారి అనారోగ్యం’ అని ఒక్క వరుస రాసి ఊరుకో. దాని పైన ఈ ఆర్నెల్లలో చేసిన పని ఉండాలి. అది లేకపోతే భయపడు.

భానుగుడి దగ్గర ఏదో కోర్సుకి డబ్బు కట్టేస్తానంటున్నావు. పైథాన్, క్లౌడ్, ఏఐ అన్నీ మూడు నెలల్లోనట. కట్టకు తల్లీ. మరిచిపోయిందెంతో ముందు తేల్చుకో. జేఎన్‌టీయూలో చేసిన ఆఖరేడు ప్రాజెక్టు, ఆ లైబ్రరీ పుస్తకాలది, సీడీలో ఉండే ఉంటుంది. దాన్ని జావా 21, టామ్‌క్యాట్ 10 మీద ఎక్కించు. నడవదు. ‘జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్’ దొరకలేదంటుంది. జావా ఈఈ ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్ చేతికి వెళ్లాక, 2020లో ఆ పేరు ‘జకార్తా’ అయింది. ఇంపోర్ట్ వరుసల్లో ఆ ఒక్క మాట మార్చి మళ్లీ నడుపు. కింద నువ్వు రాసుకున్న డూగెట్, డూపోస్ట్ అలాగే పనిచేస్తాయి. ఎస్‌క్యూఎల్ జాయిన్లూ అంతే. అప్పుడు జావా 8 లాంబ్డాలు పట్టుకో. నువ్వు మానేసిన ఏడాదే, మార్చిలో వచ్చాయవి. పొడుగాటి ఫర్ లూపులు రెండు వరుసల స్ట్రీమ్‌లోకి వచ్చేస్తాయి. ప్రతి మార్పూ గిట్‌లో పెట్టు. ఇంటర్వ్యూలో చూపించేది అదే.

ఇక ‘పిల్లవాడితో నావల్ల అవుతుందా’ అన్నావు చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది. అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి విను. 1919లో మద్రాసులో పుట్టిన తెలుగింటి ఆడపడుచు. పదిహేనేళ్లకే పెళ్లి. పద్దెనిమిదేళ్లకి భర్త పోయారు, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి సుబ్బారావు గారు పాఠాలు చెప్పే గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ చదివి, 1943లో పూర్తి చేసి, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీలో చేరారు. కలకత్తాయే ఎందుకో తెలుసా? తోడబుట్టినవాడి కుటుంబం అక్కడుంది, పాపను చూసుకునే మనుషులున్నారు. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల డిజైన్‌లో పాలు పంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. పాప సంగతి చూసుకున్నాకే ఉద్యోగం సంగతి చూసుకున్నారావిడ. నువ్వేమో అందరూ పడుకున్నాక రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తెరుస్తున్నావు! పొద్దున్న రెండు గంటలు నావని మీ ఆయనతో గట్టిగా చెప్పు. చెప్పలేకపోతే నేను చెబుతాను.

కాకినాడలో కూర్చుంటే ఎవరు పిలుస్తారనుకోకు. ఉద్యోగం ఆపి మళ్లీ వచ్చే ఆడవాళ్ల కోసం టాటా వాళ్లు 2008లోనే ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఇప్పుడు పెద్ద ఐటీ కంపెనీలు కొన్ని అలాంటివి పెడుతున్నాయి. వాళ్ల సైట్లు చూస్తూ ఉండు. గిట్‌లో చూపించేంత పని చేరాక అప్లై చెయ్.

ఆదివారం పిల్లవాణ్ని మా ఇంట్లో దింపి ఆ సీడీ వెతుకు. ఎర్రర్ వస్తే ఫోటో తీసి పంపకు, ఆ అక్షరాలే కాపీ చేసి పంపు.

నీ పెద్దమ్మ