దూడ పారుడు, బిడ్డ విరేచనం: రెండు వైరస్‌లు ఒకే కణంలో కలిస్తే?



ఐరాల మండలంలో ఏ ఊరికి పోయినా ఒక దృశ్యం మామూలే. వాకిలి పక్కన కొట్టం, కొట్టంలో ఈనిన ఆవు, గుంజకు కట్టిన దూడ, నాలుగడుగుల దూరంలో ఉయ్యాలలో బిడ్డ. పేడ ఎత్తిన చేతులతోనే బిడ్డను ఎత్తుకుంటాము. పుట్టిన మొదటి రెండు మూడు వారాలలో దూడకు వచ్చే పారుడుకూ, పసిబిడ్డలకు వచ్చే తీవ్రమైన విరేచనాలకూ ఒకే జాతి వైరస్ తరచుగా కారణమవుతుంది. దాని పేరు రోటా వైరస్. ఆవు రకం వేరు, మనిషి రకం వేరు. అయినా ఈ రెండూ ఒకే చోట కలిస్తే తమ భాగాలను మార్చుకోగలవు. ఆ మార్పిడి ఎట్లా జరుగుతుందో, దానితో మనకేమి పనో ఈ పాఠంలో తెలుసుకుందాము.

రోటా వైరస్ ఏమి చేస్తుంది?

దూడల పారుడులో ఈ వైరస్‌ను 1969లో అమెరికాలోని నెబ్రాస్కాలో మెబస్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు గుర్తించాడు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం విరేచనాలతో బాధపడే పిల్లలలో దీనిని కనుగొన్నది. సూక్ష్మదర్శినిలో బండి చక్రంలా కనబడుతుంది. లాటిన్ భాషలో చక్రాన్ని రోటా అంటారు; అందుకే ఆ పేరు.

ఇది పేగు లోపలి గోడలోని కణాలను పాడుచేస్తుంది. అప్పుడు తాగిన పాలు అరగవు. ఒంట్లోని నీరు, ఉప్పు బయటకు పోతాయి. కళ్ళు గుంటలు పడి, దూడైనా బిడ్డైనా నీరసించి పడిపోతుంది. ప్రాణం తీసేది ఈ నీరు పోవడమే.

సత్రంలో రెండు పెళ్ళిళ్ళు

వైరస్ తనంతట తాను పెరగలేదు. జీవకణంలోకి దూరి, ఆ కణం చేతనే తన నకళ్ళు తయారు చేయించుకుంటుంది. ఎట్లా తయారుచేయాలో చెప్పే జన్యు పదార్థం రోటా వైరస్‌లో ఒకే ముక్కగా ఉండదు. 11 ముక్కలుగా ఉంటుంది.

మంచి ముహూర్తం నాడు కాణిపాకంలో రెండు పెళ్ళివారు ఒకే సత్రంలో దిగారనుకోండి. గుండిగ, బిందె, గంగాళం, గరిటె, ఇట్లా ప్రతివారి దగ్గరా 11 రకాల సామాన్లు, రకానికి ఒకటి. తెల్లవారి హడావిడిగా సర్దుకునేటప్పుడు ఎవరి లెక్క వారికి 11 సరిపోతుంది. కానీ ఇంటికి వెళ్ళి చూసుకుంటే గుండిగ అవతలివారిది! సరిగా ఇదే పని కణంలో జరుగుతుంది. రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో దూరినప్పుడు ఇద్దరి ముక్కలకూ నకళ్ళు తయారవుతాయి. కొత్త వైరస్ రకానికి ఒకటి చొప్పున 11 ముక్కలు సర్దుకొని బయటపడుతుంది. అందులో కొన్ని అవతలివి కావచ్చు. లెక్క ప్రకారం 2,048 విధాల కూర్పుకు వీలున్నది. అయితే చాలా కూర్పులు పొసగక నిలవవు.

జెర్సీ సంకరంలో దూడకు తల్లినుండి సగం, తండ్రినుండి సగం గుణాలు వస్తాయి. వైరస్‌లకు ఆ నియమం లేదు. పదికి ఒకటి కావచ్చు, తొమ్మిదికి రెండు కావచ్చు. ఒక ఒంట్లో రెండూ ఉంటే చాలదు, ఒకే కణంలో కలవాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మన దగ్గర కనబడిన మూడు ఉదాహరణలు

ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1985-86 ప్రాంతంలో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం అప్పుడే పుట్టిన పిల్లలలో ఒక రోటా వైరస్‌ను కనుగొన్నది. ఆ పిల్లలకు విరేచనాలు లేవు. పైగా తర్వాత వచ్చే రోటా జబ్బునుండి వారికి రక్షణ కలిగింది. ఆ వైరస్ పేరు 116ఇ. పరీక్షించగా 10 ముక్కలు మనిషి రకానివి, ఒక్కటి ఆవు రకానిది!

బెంగళూరులో సి. దుర్గారావు బృందం పరిశీలించిన ఐ321 అనే రకంలో లెక్క తిరగబడింది. 9 ముక్కలు ఆవువి, 2 మనిషివి. అది కూడా జబ్బు లక్షణాలు లేని పసికందులలోనే దొరికింది.

మూడవది మన పొరుగునే ఉన్న వేలూరుది. క్రిస్టియన్ వైద్య కళాశాల పరిశోధకులు పసికందులలో చూసిన రకంలోనూ ఆవు, మనిషి భాగాలు కలిసి ఉన్నాయి. కానీ ఇక్కడ కొందరు పిల్లలకు జబ్బు చేసింది. ఆ రకం సోకినవారికి తర్వాత రక్షణ కూడా కలగలేదని 2007లో తేలింది.

మార్పిడి జరిగితే ఫలితం మేలే అవుతుందన్న భరోసా లేదని ఈ మూడూ కలిపి చూస్తే బోధపడుతుంది. ఢిల్లీలో దొరికినది మాత్రం మన అదృష్టం. ఆ 116ఇ నుండే హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ నోటిలో వేసే రోటావ్యాక్ టీకాను తయారుచేసింది. 2011లో మొదలైన పరీక్షలో ఢిల్లీ, పూనా, వేలూరులలో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. తీవ్రమైన రోటా విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో రోటా టీకాను మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆవు వైరస్ ముక్క ఒకటి ఈ విధంగా మన బిడ్డలకు కాపు కాసింది.

సభ్యులు చేయవలసినవి

1. దూడ పుట్టిన రెండు గంటలలోపే ముర్రుపాలు తాగించాలి. మాయ పడేదాకా ఆగరాదు. మొదటి 24 గంటలలో దూడ బరువులో పదవ వంతు పడాలి. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. ముందు దూడకు, మిగిలితేనే జున్నుకు.

2. పారుతున్న దూడను వేరుగా కట్టి, మంచి దూడల పని ముగిశాకే దాని పని చూడాలి. పాలు పూర్తిగా మాన్పించక, ఉప్పు, చక్కెర కలిపిన నీరు తాగిస్తూ పశువైద్యుని పిలవాలి. ఆంటిబయాటిక్ మందులు వైరస్‌ను చంపవు. వాటి అవసరాన్ని వైద్యుడే నిర్ణయించాలి.

3. సంతలో కొన్న దూడను కొన్నాళ్ళు విడిగా ఉంచాలి. కొత్త దూడతో కొత్త రకం వైరస్ రావచ్చు.

4. పేడ పని ముగిశాక సబ్బుతో చేతులు కడిగిన తరువాతే బిడ్డను తాకాలి. బిడ్డల మలాన్ని పేడదిబ్బలో, కొట్టం పక్కన వేయరాదు. వైరస్ ఇటునుండి అటూ పోగలదు.

5. బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో రోటా టీకా తప్పక వేయించాలి. పాలు కాచి తాగాలి.

సత్రంలో ఇద్దరూ దిగకపోతే సామాన్లు మారవు. దూడ జబ్బు దూడ దగ్గరే, బిడ్డ జబ్బు బిడ్డ దగ్గరే ఆగేటట్లు చూస్తే ఆ రెండు వైరస్‌లకూ కలిసే చోటు ఉండదు. పాలకేంద్రంలో పాలు పోసేటప్పుడు ఈ విషయం పదిమందితో చెప్పండి. ముఖ్యంగా కొట్టం పని చేసే ఆడవారికి, చిన్న దూడలున్న ఇళ్ళవారికి చదివి వినిపించండి.