కదిలే గీత: ప్రోగ్రెస్ బార్ వెనుక లెక్క

సెల్‌ఫోను యాప్‌లు తయారుచేయటం నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట సరదాపడేది ప్రోగ్రెస్ బార్ మీద. పని జరుగుతున్నంతసేపూ ఎడమనుంచి కుడికి నిండుతూ పోయే సన్నని పట్టీ అన్నమాట. దాన్ని తెరమీద పెట్టటం ఎంతసేపు, నాలుగు వరుసల పని. దానిచేత నిజం చెప్పించటమే కష్టం. నేనీ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ సంగతే.

పని ఎంత శాతం అయిందో కనబడుతూ వుంటే వాడేవాళ్ళు ఆ ఏర్పాటునే ఇష్టపడతారని బ్రాడ్ మైయర్స్ అనే పరిశోధకుడు 1985లోనే ఒక పత్రంలో చూపించాడు. బస్సు ఆలస్యమైనా, ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే ప్రయాణీకుడు కుదురుగా కూర్చుంటాడు గదా, ఇదీ అంతే.

స్కాలర్‌షిప్పు దరఖాస్తు పంపే యాప్ ఒకటి మనం వ్రాస్తున్నామనుకుందాం. ఫొటో 200 కిలోబైట్లు, మార్కుల జాబితా 300, స్కాన్ చేసిన ఆదాయ సర్టిఫికెట్టు 1500. కాగితాల లెక్కన బార్ నడిపితే రెండు పోయేసరికి 67 శాతం చూపి, అక్కడ ఆగిపోతుంది. మిగిలింది మూడోవంతే అని బార్ అంటుంది; నిజానికి ముప్పాతికవంతు బరువు ఇంకా ఫోనులోనే వుంది! సిగ్నల్ అంతంతమాత్రంగా వుండే వూళ్ళో కూర్చున్న అమ్మాయి, యాప్ చచ్చిందనుకొని మూసేస్తుంది. ఆఖరి తేదీ ఆ రోజే అయితే? అంచేత బైట్ల లెక్కే వాడాలి. అప్పుడు ఫొటో పోగానే 10, జాబితా పోగానే 25, ఆ తరువాత మెల్లమెల్లగా పైకి.

ఇక కదలిక. కొత్త విలువ వచ్చినప్పుడల్లా బార్ గెంతితే కంటికి బాగుండదు. ఆండ్రాయిడ్ 7.0 (2016) నుంచి 'సెట్ ప్రోగ్రెస్'లో రెండో విలువగా 'ట్రూ' ఇస్తే అది తనంత తానే మెత్తగా జరుగుతుంది. ఎంతసేపట్లో జరగాలో మనమే నిర్ణయించాలంటే 'ఆబ్జెక్ట్ యానిమేటర్' వాడుకోవాలి. గరిష్ఠ విలువ 100 కాక 1000 పెట్టుకోండి. 1080 పిక్సెళ్ళ వెడల్పున నూరు మెట్లంటే ఒక్కో మెట్టూ దాదాపు 11 పిక్సెళ్ళు, కుదుపు తెలిసిపోతుంది. నేనైతే ఒక్కో కదలికకు 300 మిల్లీసెకన్లు ఇస్తాను. సెకనుకు 60 సార్లు మారే తెరమీద అందులో 18 బొమ్మలు పడతాయి.

మొదటి కదలిక ముగియకుండానే మరో విలువ వచ్చిపడుతుంది, తప్పదు. అప్పుడు పాతదాన్ని రద్దుచేసి, బార్ ఆ క్షణాన కనబడుతున్న చోటునుంచే కొత్తది మొదలుపెట్టాలి. లేకపోతే వెనక్కో ముందుకో గెంతుతుంది. మనమేమీ చెప్పకపోతే ఆండ్రాయిడ్ యానిమేటర్ మొదట నెమ్మదిగా, నడుమ వేగంగా, చివర మళ్ళీ నెమ్మదిగా పోతుంది. ఒక్కసారి కదిలే వస్తువుకు అది అందమే. పదేపదే కదిలే బార్ మాత్రం నత్తి పట్టినట్టు ఆగి ఆగి పోతుంది. 'లీనియర్ ఇంటర్‌పొలేటర్' పెడితే ఆ బెడద లేదు.

బార్‌మీద చారలు వెనక్కి పారుతున్నట్టు చూపితే అదే నిరీక్షణ కాస్త తక్కువగా తోస్తుందని క్రిస్ హారిసన్, అతని సహచరులు 2010లో చూపించారు. ఇది కంటిని మరపించటమే, ఐనా నాకభ్యంతరం లేదు. బార్ చూపే లెక్క నిజమే గనుక. కాని కొందరు గడియారం ఆధారంగా బార్‌ని 90 దాకా ఉత్తుత్తినే నడిపిస్తారు. సిగ్నల్ పోయినా అది పోతూనే వుంటుంది. దీన్ని మాత్రం నేనొప్పుకోను. మొత్తం ఎంతో ముందు తెలియనప్పుడు శాతం లేకుండా అటూ ఇటూ తిరిగే బార్ వుండనే వుంది, దాన్ని వాడుకోవచ్చు.

చివరి మాట నూరు శాతం గురించి. బైట్లన్నీ ఫోను వదిలినంతమాత్రాన అవతలి సర్వరుకు చేరినట్టు కాదు. జవాబు వచ్చేదాకా 'సరిచూస్తున్నాం' అని శాతం లేని బార్ చూపాలి. దరఖాస్తు నంబరు చేతికొచ్చాకనే 'అందింది' అనాలి. రాకపోతే ఏ కాగితం దగ్గర ఆగిందో చెప్పి, దాన్నొక్కదాన్నే మళ్ళీ పంపే బటన్ ఇవ్వాలి.