ఏడో తరగతికి డేటా పాఠం చెబుతారా?

హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో ఉంటూ, స్టాటిస్టిక్స్‌తోనో కంప్యూటర్స్‌తోనో డిగ్రీ పూర్తిచేసి ఐటీ ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లకు ఒక మాట. అమీర్‌పేటలో ఇంకో కోర్సుకు ఫీజు కట్టేముందు మీ సందు చివరి బడివైపు ఒకసారి చూడండి. సీబీఎస్ఈ 2021లోనే ఎనిమిదో తరగతికి 12 గంటల డేటా సైన్స్ మాడ్యూల్ తెచ్చింది. రాష్ట్ర సిలబస్ గణితంలోనూ దత్తాంశ నిర్వహణ, పౌనఃపున్య పట్టికలు ఉన్నాయి. కొరతల్లా వాటిని పిల్లల ఇంటి సంగతులతో కలిపి చెప్పగలిగేవాళ్లదే అని నా నమ్మకం.

ఇక్కడి పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలది సినిమా పని. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్, కాస్ట్యూమ్స్, డ్రైవర్లు. షూటింగ్ ఉంటేనే కూలి. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతనాలు పెంచాలని సమ్మె చేసింది. తక్కువ రోజుకూలి వాళ్లకు మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతానికి రాజీ కుదిరింది. ఈ శాతాలన్నీ పిల్లలు ఇంట్లో విన్నవే. వాటినే బోర్డు మీద రాసి, ‘రోజుకూలి పెరిగితే నెల రాబడీ అంతే పెరుగుతుందా?’ అని అడగండి. ‘నెలలో ఎన్ని రోజులు పని దొరికింది సార్?’ అని ఒక్క పిల్ల ఎదురు అడిగిందంటే, డేటా సైన్స్‌లో అసలు మెట్టు ఎక్కేసినట్టే.

తర్వాత పనిరోజుల లెక్క తీయించండి. ఒక ఇంట్లో అయిదు నెలల్లో వరుసగా 4, 5, 6, 22, 23 రోజులు పని దొరికిందనుకుందాం. సగటు 12. మరి ఏ నెలలోనైనా 12 రోజులు పని ఉందా? లేదు. మధ్యగతం 6. ఇంటి అద్దెకు అప్పు చేయాల్సి వస్తుందో లేదో ఏ అంకె చెబుతుంది? పిల్లలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి, గంట అయిపోయినా సరే.

ఒక్క జాగ్రత్త. ఎవరి నాన్నకు పని లేదో క్లాసులో బయటపడకూడదు. పేర్లు రాయకుండా చీటీలు డబ్బాలో వేయించండి, కూలి ఎంతో అడగొద్దు. ఎవరి సమాచారాన్ని ఎంతవరకు సేకరించవచ్చన్న పాఠం కూడా అక్కడే అయిపోతుంది.

ఈ వయసుకు పైథాన్ తొందరేమీ లేదు. గ్రాఫ్ కాగితం, ఆ తర్వాత గూగుల్ షీట్స్, బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే డేటా సాధనం కోడాప్ చాలు.

ఇక అర్హతలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు టీచరు కావాలంటే బీఈడీ, టెట్ పేపర్-2 దారి. మీ సబ్జెక్టు బలపడాలంటే మద్రాసు ఐఐటీ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ ఉంది, పని చేసుకుంటూనే చదవొచ్చు. దారి మారిందన్న బెంగ వద్దు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ అనుకోకుండా స్టాటిస్టిక్స్‌లో అడుగుపెట్టారు. 2023లో ఆ రంగంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. అనుకున్న కొలువు రాలేదని ఆగిపోనక్కర్లేదు.

ప్రైవేటు బడులు ముందు డెమో క్లాసు అడుగుతాయి. స్లైడ్లు వద్దు. ఖాళీ చీటీలు, ఒక డబ్బా, గ్రాఫ్ కాగితాలు పట్టుకెళ్లండి. మొదటి పది నిమిషాలు పిల్లలచేతే లెక్క తీయించండి.