డికెంబె ముటాంబో: లేదు, కాదు, వద్దు, కూడదు, కుదరదు

ఇంగ్లీషులో 'నో' అంటే పని అయిపోతుంది. తెలుగులో అలా కాదు. మాకు కారు లేదు. ఆ కారు మాది కాదు. నాకు ఆ కారు వద్దు. కారులో తింటూ కూర్చోకూడదు. ఆదివారం కారు ఇవ్వడం కుదరదు. చూశారా, ఐదు చోట్లా ఐదు మాటలు! మీలో చాలామంది అన్నిటికీ 'లేదు' వాడేస్తుంటారు. 'నేను డాక్టర్ లేదు' అంటే అమ్మమ్మకి అర్థమవుతుంది కానీ నవ్వొస్తుంది. 'నేను డాక్టర్‌ని కాదు' అనాలి.

ఈ మాటల్లో చాలావరకు ఒకే మనిషి కథలో వస్తాయి. చదువుతూ, అవి కనిపించిన చోటల్లా కింద గీత గీయండి.

డికెంబె ముటాంబో 1966లో ఆఫ్రికాలోని కాంగో దేశంలో, కిన్షాసా నగరంలో పుట్టారు. (ఆటల పేజీల్లో 'పుట్టాడు, ఆడాడు' అని రాస్తారు, తప్పేమీ కాదు. కానీ పెద్దవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మీకు 'రు' అలవాటు కావాలని నేను ఇలా రాస్తున్నాను.) ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. అంత పొడుగు మనిషి ఆట కోసమే అమెరికా వచ్చి ఉంటారు అనుకుంటాం కదా? కాదు. 1987లో స్కాలర్‌షిప్ మీద జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి వచ్చింది డాక్టర్ చదువు కోసం. చదువు పూర్తిచేసి తిరిగి వెళ్లి కాంగోలో వైద్యం చేయాలని ఆయన ఆలోచన. అప్పటికి ఇంగ్లీషు దాదాపు రాదు. ఇంగ్లీషు క్లాసుల్లో కూర్చుని మొదటినుంచి నేర్చుకున్నారు. అక్కడి కోచ్ జాన్ థామ్సన్ ఆయన్ని చూసి బాస్కెట్‌బాల్ జట్టులోకి పిలిచారు. డాక్టర్ చదువు పక్కకు పోయింది. చివరికి భాషాశాస్త్రం, దౌత్యం చదివి డిగ్రీ తీసుకున్నారు.

భాషాశాస్త్రం ఎందుకు అంటే, ఆయనకి మొత్తం తొమ్మిది భాషలు వచ్చు! ఫ్రెంచ్, ఇంగ్లీషు, స్పానిష్, పోర్చుగీసు, వాటితో పాటు లింగాలా, చిలూబా లాంటి ఆఫ్రికా భాషలు. రెండు భాషలకే తల తిరుగుతోందని నాతో గొడవపడే పిల్లలు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

1991లో డెన్వర్ నగ్గెట్స్ జట్టు ఆయన్ని తీసుకుంది. ఆయన పని పాయింట్లు కొట్టడం కన్నా ఎదుటివాళ్లు కొట్టకుండా అడ్డుకోవడం. 'అడ్డు' నామవాచకం, 'అడ్డుకొను' క్రియ. బంతి బుట్ట వైపు వెళ్తుంటే చేత్తో అడ్డుకునేవారు. ఆ తర్వాత చూపుడు వేలు ఎత్తి అటూ ఇటూ ఊపేవారు. 'నా ఇంట్లో ఇది కుదరదు' అని దాని అర్థం. ఎదుటి ఆటగాడి ముఖం మీద అలా ఊపకూడదని లీగ్ ఫౌల్ వేయడం మొదలుపెట్టింది. ఆయన మానేశారా? లేదు, ప్రేక్షకుల వైపు తిరిగి ఊపడం మొదలుపెట్టారు!

1994లో ఎనిమిదో స్థానంలో ఉన్న డెన్వర్, మొదటి స్థానంలో ఉన్న సియాటిల్‌ని ఓడించింది. మొదటి రెండు ఆటలూ ఓడిపోయి, తర్వాత మూడు వరసగా గెలిచారు. ఆఖరి క్షణంలో ముటాంబో నేలమీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో బంతిని పైకెత్తి నవ్విన ఫోటో ఇప్పటికీ అందరికీ గుర్తు. 18 సీజన్లలో 3,289 సార్లు బంతిని అడ్డుకున్నారు. ఇందులో ఆయన కన్నా ముందున్నది హకీమ్ ఒలాజువాన్ ఒక్కరే.

ఇక అసలు కథ. ఆయన అమ్మగారి పేరు బియాంబా మారీ. ఆవిడకి ఒంట్లో బాగాలేనప్పుడు కాంగోలో అల్లర్లు, కర్ఫ్యూ. రోడ్లు మూసేశారు. ఆసుపత్రికి తీసుకెళ్లడం కుదరలేదు. ఆవిడ ఇంట్లోనే చనిపోయారు. కొడుకు దగ్గర డబ్బుంది, పేరుంది. ఆ రోజు అవేవీ అక్కరకు రాలేదు.

ముటాంబో 1997లో ఫౌండేషన్ పెట్టారు. కిన్షాసాలో అమ్మ పేరుమీద ఆసుపత్రి కట్టాలనుకున్నారు. 2001లో శంకుస్థాపన జరిగింది కానీ, అది రోగులను చూడడం మొదలుపెట్టేసరికి 2007 అయింది. 300 పడకలు. ఖర్చు 2 కోట్ల 90 లక్షల డాలర్లు, అందులో కోటీ 50 లక్షలు ఆయన సొంత డబ్బు. (పది లక్షలు ఒక మిలియన్. లెక్క మీరే మార్చుకోండి.) నన్నడిగితే ఇచ్చిన డబ్బు కన్నా ఆ ఆరేళ్లు వదలకుండా వెంటపడడమే కష్టం. డబ్బిచ్చేవాళ్లు ఇంకా దొరుకుతారు. 2021లో ఎంబూజీ-మాయి దగ్గరి పల్లెలో నాన్నగారు శామ్యూల్ పేరుమీద బడి కూడా తెరిచారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి వచ్చిన తన దేశపు అమ్మాయిల జట్టు ఖర్చులు కూడా ఆయనే పెట్టుకున్నారు.

2024 సెప్టెంబర్ 30న మెదడులో క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 58.

అభ్యాసం

ఖాళీలు నింపండి. ఒక్కో మాట ఒక్కసారే వాడాలి.

ముటాంబో డాక్టర్ ______, అయినా ఆసుపత్రి కట్టించారు.
ఆ ఊళ్లో ఇంతకుముందు బడి ______.
కర్ఫ్యూ ఉన్నప్పుడు రోడ్డు మీదకు రా______.
రేపు మ్యాచ్ ఉంది, పెళ్లికి రావడం ______.
నాకు ఇంకో ఇడ్లీ ______, కడుపు నిండిపోయింది.

మాట్లాడండి: ఈ వారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు తాతయ్యనో నానమ్మనో ఇలా అడగండి: "మీ చిన్నప్పుడు రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి ఎలా వెళ్లేవాళ్లు? ఎంత దూరం ఉండేది?" వాళ్లు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి. వాళ్లు వాడిన మాట మీకు తెలియకపోతే, విన్నది విన్నట్టే రాసుకుని తీసుకురండి. క్లాసులో చూద్దాం.