మ్రింగుట కష్టమైనప్పుడు: హస్తస్పర్శ చికిత్సకు గల హద్దులు

తెలుగువారి యిండ్లలో భోజనము చేయుచున్నవానికి పొలమారినచో ప్రక్కనున్నవారు నడినెత్తిపై మెల్లగా తట్టి, "ఎవరో తలచుకొనుచున్నారు" అందురు. ఆరోగ్యవంతుడు నాలుగుమార్లు దగ్గి, కన్నులు తుడుచుకొని మరల ముద్ద కలుపుకొనును. కాని పక్షవాతము వచ్చి తేరుకొనుచున్న వృద్ధునకు పూటపూటకును పొలమారుచున్నచో దానిని ఎవరి తలపుగానో భావించి యూరకుండరాదు. ఆహారము తన దారి విడిచి ఊపిరి దారిలో పడుచున్నదని అనుమానింపవలెను.

గొంతు రెండు దారులు కలియు కూడలి. ముందువైపున వాయునాళము, వెనుకవైపున అన్నవాహిక ఉన్నవి. ముద్ద నాలుక మొదటికి చేరిన తోడనే మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూయును. స్వరపేటిక పైకిని ముందునకును జరుగును. దానిపై ఉపజిహ్విక మూతవలె వ్రాలును. శ్వాస ఒక క్షణము ఆగును. అప్పుడు అన్నవాహిక పైద్వారము తెరచుకొని ముద్దను లోనికి తీసికొనును. గొంతులో జరుగు ఈ పని యంతయు సుమారు ఒక సెకనులో ముగియును. దీనిని మెదడు కాండము నడపును. మెదడునుండి వెలువడు 5 జతల నాడులు ఇందు పాల్గొనును. అటుపిమ్మట సుమారు 25 సెంటీమీటర్ల పొడవుగల అన్నవాహిక అలలు అలలుగా ముడుచుకొనుచు ముద్దను క్రిందికి త్రోయును. తలక్రిందులుగా నిలిచి మ్రింగినను ముద్ద జీర్ణాశయమునకే చేరుట ఈ అలల బలము చేతనే.

ఈ వ్యవస్థలో ఎక్కడ లోపము కలిగినను మ్రింగుట కష్టమగును. పక్షవాతము వచ్చిన తొలిదినములలో సుమారు సగము మందికి ఈ బాధ కనిపించును. వీరిలో తప్పునది కూడలిలోని పని. అకలేషియా యను వ్యాధిలో గొంతు సరిగానే పనిచేయును; అన్నవాహికలో అలలు నశించి, దాని క్రింది ద్వారము సడలక బిగిసియుండును. పుండు మానిన మచ్చ వలనగాని, క్యాన్సరు వలనగాని గొట్టము సన్నబడుట మరియొక విధము. మొదట అన్నము, రొట్టె వంటి గట్టి పదార్థములు అడ్డుపడి, క్రమముగా జావ సైతము దిగకపోవుట ఈ చివరిదానికి గుర్తు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, మద్యము అలవాటున్నవారిలో ఈ గుర్తు కనబడినచో ఒక్క వారమైనను ఉపేక్షింపరాదు.

ఇట్టి రోగుల యిండ్లకు బంధువులో ఇరుగుపొరుగువారో ప్రాణశక్తి చికిత్సకులను వెంటబెట్టుకొని వచ్చుట కలదు. ఈ పద్ధతులు పలు దేశములలో పుట్టినవి. రేకీని జపానులో 1922లో మికావో ఉసుయి ప్రారంభించెను. థెరప్యూటిక్ టచ్ అనుదానిని 1970 తరువాత అమెరికాలో డోలోరెస్ క్రీగర్ అను నర్సింగు ఆచార్యురాలు ప్రచారము చేసెను. ప్రాణిక్ హీలింగ్ ఫిలిప్పీన్సులో చోవా కోక్ సుయి రూపొందించినది. శరీరము చుట్టును ఒక శక్తి ప్రవహించుచుండుననియు, దాని యడ్డంకులను చేతులతో గుర్తించి తొలగింపవచ్చుననియు చెప్పుట వీనిలో సాధారణము. పంచప్రాణముల మాట వినియున్న మనవారికి ఇది పరిచితముగా తోచుటలో వింతలేదు. అయితే విద్యుత్తు, ఉష్ణము, కాంతి మొదలైన శక్తులను కొలుచు సాధనములున్నవి. ఈ చికిత్సకులు చెప్పు శక్తిని కొలిచిన సాధనము ఇంతవరకు లేదు.

దీనిని పరీక్షించిన ఒక బాలిక కథ చెప్పదగినది. అమెరికాలో ఎమిలీ రోజా అను తొమ్మిదేండ్ల పిల్ల తన బడి ప్రదర్శన కొరకు ఒక ప్రయోగము చేసెను. చికిత్సకుడు అట్టతెరకు గల రంధ్రముల గుండ తన రెండు చేతులను చాచి కూర్చుండును. తెరకు ఆవలనున్న బాలిక, నాణెము ఎగురవేసి వచ్చిన దానిని బట్టి, అతని యొక చేతికి దగ్గరగా తన చేయి ఉంచును. ఏ చేతివద్ద శక్తి తగులుచున్నదో అతడు చెప్పవలెను. 21 మంది చికిత్సకులు 280 మారులు చెప్పగా సరియైనవి నూటికి 44 మాత్రమే. కన్నులు మూసికొని ఊహించినను సగము సరిపోవలసియుండెను! 1998లో ఈ ఫలితమును అమెరికా వైద్య సంఘపు పత్రిక ప్రకటించెను.

మరి కొందరు రోగులకు గుణము కనిపించుటకు కారణమేమి? పక్షవాతపు రోగులలో చాలమందికి కొన్ని వారములలో మ్రింగు శక్తి తనంత తానే కొంతకుకొంత తిరిగి వచ్చును. ఆ వారములలో ఏ చికిత్స చేసినను దానికే పేరు దక్కును. అన్నవాహిక ఈడ్పులు సైతము ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గునవే. ఇక భయము సంగతి. ఊపిరాడదేమో యని భీతిల్లిన మనిషి మెడ బిగబట్టి తొందరగా మ్రింగబోవును. దాని వలన బాధ ఇంకను హెచ్చును. ఒకరు ప్రక్కన నెమ్మదిగా కూర్చుండి ముప్పావుగంట శ్రద్ధ చూపినచో ఆ బిగువు సడలుట సహజము. ఈ మేలును కాదనవలసిన పనిలేదు. కాని మనస్సు నెమ్మదించుట వేరు, చచ్చుబడిన నాడి మరల పనిచేయుట వేరు. బిగిసిన ద్వారము చేయి చాపినంత మాత్రమున తెరచుకొనదు. 1674లోనే థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు తిమింగలపు ఎముకకు స్పంజి కట్టి, దానితో ఒక రోగి అన్నవాహిక ద్వారమును వెడల్పుచేసిన విషయము వ్రాసెను. 1913లో జర్మనీలో హెల్లరు ఆ కండరమును కోసి సడలించెను. 2008లో జపానులో ఇనొవే నోటిగుండ పంపిన గొట్టముతోనే ఆ పని చేసెను. సాధనములు మారినవి, ద్వారమును తెరచుట అను పని మారలేదు.

చికిత్సకుని చేతుల వలన గాక, ఆతని మాటల వలన కలుగు ప్రమాదమే యెక్కువ. "దగ్గు తగ్గినది, ఇక మామూలుగా తినవచ్చును" అనుట అట్టిది. పక్షవాతపు రోగులలో కొందరికి గొంతులో స్పర్శ తగ్గును. ఊపిరితిత్తులలోనికి నీరు పోవుచున్నను దగ్గు రాదు. దగ్గు లేకపోవుట వీరిలో శుభసూచన కానేరదు. భోజనానంతరము కంఠధ్వని తడిసినట్లు గురగురలాడుట, తరచు జ్వరము వచ్చుట, బరువు తగ్గుట వీరిని గుర్తించు మార్గములు. శక్తి నింపిన నీరని, మంత్రించిన నీరని, తీర్థమని చెంచాతో పోయుట అంతకంటెను అపాయకరము. నీరు పలుచనిది, గొంతు సిద్ధపడుటకు ముందే జారిపోవును. ఇట్టి రోగికి పిడికెడు మెత్తని అన్నము కంటె గుక్కెడు నీరే యెక్కువ కీడు చేయుట కలదు. కనుక చికిత్సకుని రానిచ్చిన యింటివారు, నోటిలో ఏమియు వేయరాదనియు, మెడను నొక్కరాదనియు, వైద్యుని మందులు మాన్పింపరాదనియు ముందుగనే చెప్పవలెను.

పరీక్ష చేయించుటకు జంకవలసిన పనిలేదు. బేరియము కలిపిన ద్రవమును మ్రింగించి ఎక్స్-రే తెరపై చూచినచో అది ఏ దారిన పోవుచున్నదో కంటికి కనబడును. ఎండోస్కోపు గొట్టముతో అన్నవాహిక లోపలి భాగమును చూడవచ్చును. మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల శిక్షణ పొందినవారు మ్రింగు వ్యాయామములను నేర్పుదురు. ఏ రోగికి ఎంత చిక్కని ఆహారము తగునో నిర్ణయింతురు.

ఒక్కొక్కప్పుడు కారణము మిక్కిలి సామాన్యమైనది. పాలిపోయిన ముఖము, పగిలిన పెదవి మూలలు, నునుపెక్కిన నాలుక గల గృహిణి "అన్నము గొంతులో ఆగుచున్నది" అని చెప్పినచో, రక్తములో ఇనుము తగ్గెనేమో చూడవలెను. ఇనుము కొరత వలన అన్నవాహిక పైభాగములో పలుచని పొర అడ్డముగా ఏర్పడుట కలదు. చాలమందికి ఇనుము మాత్రలతోనే ఆ బాధ తగ్గును. కొందరికి ఆ పొరను వెడల్పు చేయవలసివచ్చును. ఇది మానక మిగిలినచో క్యాన్సరుకు దారితీయవచ్చును. అట్టి స్త్రీని నెలల తరబడి శక్తిచికిత్సకు త్రిప్పుట ఆమెకు చేసిన అన్యాయమే.

ఇంటిలో అన్నము పెట్టువారు రోగిని నిటారుగా కూర్చుండబెట్టవలెను, పరుండబెట్టి తినిపింపరాదు. చిన్న చెంచాతో కొంచెము కొంచెముగా నందించి, మొదటిది దిగిన పిమ్మటనే రెండవది పెట్టవలెను. అప్పుడు మాటలాడింపరాదు. భోజనమైన పిమ్మట అరగంట వరకు కూర్చుండనిచ్చి, చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు నిలిచియున్నవేమో చూచి నోరు శుభ్రపరుపవలెను. ఎప్పుడైన ముద్ద అడ్డుపడి మాటయు దగ్గును రాక ఉక్కిరిబిక్కిరియైనచో నడినెత్తిపై తట్టుట వలన ప్రయోజనము లేదు. రోగిని ముందునకు వంచి, రెండు రెక్కల ఎముకల నడుమ అరచేతి మడమతో 5 మారులు గట్టిగా చరచవలెను. అప్పటికిని ముద్ద రానిచో వెనుకనుండి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలితో లోనికిని పైకిని 5 మారులు నొక్కవలెను. ఈ లోపల మరియొకరు 108కి ఫోను చేయవలెను.